రూతమ్మ గారు దిద్దించిన రిటర్నులు

బందరులో ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టే నా ఆఫీసుకు ఈ ఉదయం లామినేషన్ మిషన్ వచ్చింది. అది వేడెక్కి ప్లాస్టిక్ వాసన రాగానే, కొన్నేళ్ళ కిందట గుడివాడలో నేను క్లర్కుగా చేరిన ప్రైవేటు కాలేజీ గుర్తొచ్చింది. అక్కడ అలాంటి మిషన్ పక్కనే రూతమ్మ గారి బల్ల ఉండేది. దివిసీమ నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే ఆవిడ మా అకౌంట్స్ సూపరింటెండెంట్.

పెన్షన్ పథకంలో ఒక్కొక్కరికి రెండు ఖాతాలుంటాయి. మొదటిది రిటైరయ్యేదాకా కదలనిది. అందులో వేసినదానికే పన్ను మినహాయింపు. రెండోదాంట్లోంచి ఎప్పుడైనా తీసుకోవచ్చు గానీ మినహాయింపు రాదు. పదకొండు మంది లెక్చరర్లు అదనంగా కట్టమన్న సొమ్మును నేను పొరపాటున రెండోదాంట్లో వేశాను. వాళ్ళేమో మినహాయింపు చూపించి రిటర్నులు కూడా వేసేశారు. మరుసటి నవంబరులో ఆ సంగతి కంటబడగానే కాగితాలు తీసుకుని రూతమ్మ గారి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఎవరికీ తెలియదు కదండీ, ఊరుకుంటే?" అన్నాను.

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికి తెలియాలమ్మాయ్?" అని ఆవిడ లేచి, నన్ను వెంటబెట్టుకుని కరస్పాండెంటు గారి గదికి నడిచారు.

ఆయన అంతా విని, "ఈ అమ్మాయిని పంపించేద్దామండీ" అన్నారు.

"కాగితం మీద ఆఖరి సంతకం నాదండీ. పంపితే నన్ను పంపండి. తగ్గిన పన్ను లెక్చరర్లే కట్టుకుంటారు, దాని మీద వడ్డీ మాత్రం కాలేజీ కట్టాలి. తప్పు మనది" అన్నారు రూతమ్మ గారు.

 ఆయన చివరికి తల ఊపారు.

నా కోసం ఉద్యోగాన్నే పణంగా పెట్టిన మనిషి, స్టాఫ్ రూములో మాత్రం నన్నే మాట్లాడమన్నారు. త్వరలో రిటైరవబోతున్న ఫిజిక్స్ మాస్టారు, "నా పెన్షన్ పోయినట్టేనా అమ్మా?" అని అడిగితే ఏడుపొచ్చింది. పోలేదని, రెండో ఖాతాలోంచి మొదటిదాంట్లోకి సొమ్ము మార్చుకునే వీలుందని, పాత రిటర్నులో మినహాయింపు తీసేసి, మార్చిన ఏడాదికి చూపించుకోవచ్చని తడబడుతూనే చెప్పాను. రిటర్నులు దిద్దుకోడానికి డిసెంబరు ఆఖరుదాకా గడువుంది. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని రిటర్నులు దిద్దాను. ఆవిడ ప్రతి అంకె మీదా వేలు పెట్టి చదివేవారు.

పదకొండో రిటర్నును అంగీకరించినట్టు పన్ను శాఖ నుంచి మెసేజ్ వచ్చిన మధ్యాహ్నం స్టాఫ్ రూమంతా చప్పట్లు! మాస్టారు హల్వా తెప్పించారు. ఆయన రిటైరయ్యాక మొదటి పెన్షన్ అందిన రోజున ఫోన్ చేసి, "పడిందమ్మా!" అని అరిచారు. ఫోన్ రూతమ్మ గారికిచ్చాను. ఆవిడ అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళ కాగితాల్లో నా పొరపాటు కనబడితే, ఆ రోజే ఫోన్ చేసి చెప్పేస్తాను. మాట ఇప్పటికీ కాస్త తడబడుతుంది. అయినా చెప్పేస్తాను.