ఐర్లాండు పద్ధతిలో నూకరాజును అరువిచ్చిన వైనం

మా తాతగారి పేరు చెక్కిన కబడ్డీ షీల్డు ఒకటుంది. అది మా ఊళ్ళో లేదు. గోదావరి పాయకి అవతల ఉన్న లంకలో ఉంది, ఇకమీద కూడా అక్కడే ఉంటుంది. అది అలా చేజారడానికి కారకులు ముగ్గురు: ఐర్లాండులో పుట్టిన ఒక ఫుట్‌బాల్ కుర్రాడు, కువైట్‌లో ఉన్న మా బావ, నేను. మొదటి ఇద్దరికీ కబడ్డీ రాదు కాబట్టి వాళ్ళని వదిలేద్దాం. మిగిలింది నేను. ఎలా మిగిలానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, మా ఊళ్ళో ఇన్నేళ్ళుగా చేస్తున్న పని అదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, రాజోలు దగ్గర మా ఊళ్ళోనే ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. డిప్లొమా వల్ల ఉద్యోగం రాలేదు గానీ ఒక అలవాటు వచ్చింది. ఏ సంగతైనా ఒకటి, రెండు, మూడు అని విడగొట్టకపోతే నాకు అన్నం సహించేది కాదు. "చారులో ఉప్పు తక్కువైంది" అని అందరూ అంటే, "ఈ చారులో లోపాలు రెండు" అని నేను మొదలుపెట్టేవాణ్ణి. మా అమ్మ రెండోది వినకుండానే గిన్నె తీసేసేది. ఊళ్ళో జనం నా అసలు పేరు మరిచిపోయి డిప్లొమా అని పిలిచేవారు.

ఆ ఏడు మా అక్క భర్త, అంటే మా బావ, కువైట్ నుంచి సెలవు మీద వస్తూ నాకొక బనీను తెచ్చారు. వీపు మీద తొమ్మిది అంకె, దాని పైన ఇంగ్లీషులో ఒక పేరు.

"ఎవరిదండీ ఈ పేరు?"

"మా సైటు సూపర్‌వైజరుది ఐర్లాండు బావా. ఆయన మేనల్లుడు డెక్లన్ అని, ఇంగ్లండులో ఒక పెద్ద క్లబ్బులో ఆడుతున్నాట్ట. ఫార్వర్డ్. అంటే అందరికంటే ముందు నిలబడి గోలు కొట్టడవే వాడి ఉద్యోగం."

"వయసెంతటండీ?"

"పంతొమ్మిదిట."

నా మనసు అక్కడే ఆగిపోయింది. మా వైపు కుర్రాళ్ళు సముద్రం దాటి పనికెళ్ళడం నాకు కొత్త కాదు. డ్రైవర్లుగా వెళ్ళేరు, వంటవాళ్ళుగా వెళ్ళేరు, మేస్త్రీలుగా వెళ్ళేరు. బంతి తన్నడానికి సముద్రం దాటిన కుర్రాడి గురించి వినడం అదే మొదలు. వాడు పొద్దున్న ఏం తింటాడు? వానలో కూడా ఆడిస్తారా? గోలు కొట్టని రోజున యజమాని ఏమంటాడు? మా బావని అడిగితే, "నేను పైపులు బిగిస్తాను బావా, వాడి సంగతి నాకేం తెలుసు" అన్నారు.

దాంతో ఆదివారం ఆదివారం అమలాపురం బస్సెక్కి, గడియారస్తంభం దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కూర్చోవడం మొదలుపెట్టాను. అప్పట్లో ఫొటో అనేది పైనుంచి కిందికి, గుళ్ళో తెర తీసినట్టు నిదానంగా వచ్చేది. ముందు డెక్లన్ జుట్టు వచ్చేది. తరవాత నుదురు. ముక్కు దగ్గరికొచ్చేసరికి కరెంటు పోయేది. అతని గడ్డం చూడ్డానికి నాకు చాలా ఆదివారాలు పట్టాయి.

సెంటరాయన ఒకరోజు ఉండబట్టలేక అడిగేరు. "ఎవరండీ ఆయన, చుట్టాలా?"

"మా బావగారి సూపర్‌వైజరుగారి మేనల్లుడండీ."

"ఆయ్. దగ్గరే అయితే."

చదివేకొద్దీ నాకొక విషయం అర్థమైంది. డెక్లన్ ఆ పెద్ద క్లబ్బులో ఉన్నాడే గానీ ఆడటం లేదు. అతనికంటే ముందు అక్కడొక పేరుమోసిన పాత ఫార్వర్డ్ ఉన్నాడు. ఆయన దిగితే గానీ ఇతను ఎక్కడానికి లేదు. అందుకని డెక్లన్ కోటు కప్పుకుని బల్ల మీద కూర్చుంటున్నాడు. ఆ తరవాతి నెలలో పెద్ద క్లబ్బువాళ్ళు ఒక పని చేశారు. అతన్ని ఒక చిన్న ఊరి క్లబ్బుకి, ఆ సీజను అయ్యేదాకా అరువిచ్చారు. చూస్తుండగానే కుర్రాడు అక్కడ వారం వారం గోలు కొట్టడం మొదలెట్టాడు.

ఇది చదివి బస్సులో ఇంటికొస్తుంటే, పాశర్లపూడి వంతెన మీద నాకు జ్ఞానోదయమైంది. మాకూ ఒక డెక్లన్ ఉన్నాడు.

వాడి పేరు నూకరాజు. మా పెదనాన్నగారి కొబ్బరి రాశి దగ్గర కాయలు ఒలిచేవాడు. గునపం మీద కాయ పెట్టి ఒక్క తిప్పు తిప్పితే పీచు డొక్క ఊడిపోయేది. ఆ చేతులతో మనిషిని పడితే అంతే సంగతులు, కూతకెళితే పాదరసం. కానీ మా ఊరి కబడ్డీ జట్టు కెప్టెను పెదనాన్నగారి అబ్బాయి బాబ్జీ అన్నయ్య. అన్నయ్యకి అప్పటికే పొట్ట వచ్చి, ఎడమ మోకాలు పోయింది. అయినా ప్రతి కూతకీ తనే వెళ్ళేవాడు. నూకరాజు పని విరామంలో అందరికీ బొండాలు కొట్టివ్వడం, అన్నయ్య మోకాలికి మందు రాయడం. అన్నయ్యని తప్పుకోమని ఎవరు చెప్పగలరు? పెదనాన్నగారు ఊరికి పెద్ద, జట్టుకి పోషకుడు, కొడుక్కి తండ్రి.

నేను ఆ జట్టుకి సెక్రటరీని. నన్నెవరూ ఎన్నుకోలేదు. జాబితాలు రాసేవాడు ఇంకొకడు దొరకలేదు, అంతే.

ఇప్పుడు షీల్డు సంగతి. అది మా తాతగారి పేరు మీద మా కుటుంబమే పెట్టిన షీల్డు. వరసగా మూడేళ్ళు గెలిచినవాళ్ళకి అది సొంతమని నియమం. అవతలి లంకవాళ్ళు అప్పటికి రెండేళ్ళు గెలిచారు. మూడోసారి కూడా గెలిస్తే తాతగారు ఏరు దాటి వెళ్ళిపోయినట్టే. అయితే ఆ ఏడు లంక జట్టులో సగంమంది దుబాయి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మొదటి ఆట కూడా గట్టెక్కరని నేను లెక్క కట్టాను. సరిగ్గా అప్పుడే వాళ్ళ జట్టు పెద్ద వీర్రాజుగారు, జట్టుకి మనిషి చాలడం లేదని ఊరూరూ అడుగుతున్నారని తెలిసింది.

పెదనాన్నగారికి నా పథకం వివరించాను. ఈ ఏడు లంక పని అయిపోయింది, షీల్డు ఎలాగూ మనదే. నూకరాజుని ఈ సీజనుకి వాళ్ళకి అరువిద్దాం. వాడు అక్కడ ఆడి ఆడి రాటుదేలతాడు. బాబ్జీ అన్నయ్య విశ్రాంతి తీసుకునే నాటికి మనకి తయారైన ఆటగాడు తిరిగొస్తాడు.

"ఇలాగ ఎక్కడైనా చేస్తారంట్రా?" అన్నారాయన.

"ఇంగ్లండులో చేస్తారండీ. డెక్లన్ అని ఐర్లాండు అబ్బాయిని..."

"ఐర్లాండు సంగతి నాకు తెలీదు గానీ, ఎరువుల సొమ్ము బరువుల చేటు అన్నారు."

"అది తీసుకున్నవాళ్ళకండీ. మనం ఇస్తున్నాం."

పెదనాన్నగారు చుట్ట తీసి నా మొహం చూశారు. "చదువుకున్నోడివి" అన్నారు. మెచ్చుకున్నారని ఆ రోజు అనుకున్నాను.

మర్నాడు రేవులో వీర్రాజుగారిని కలిశాను. ఆయన నాకంటే రెట్టింపు వయసువారు. అయినా నన్ను చూడగానే భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు. అంతటి మర్యాదస్తుడు.

"మూడు షరతులండీ" అన్నాను.

"ఆయ్. చెప్పండి బాబూ."

"ఒకటి, సీజను అయ్యేదాకా మీ ఊళ్ళోనే ఉంటాడు కాబట్టి తిండికి లోటు రాకూడదు."

"పడవ నడిపే సరంగు గారింట్లో భోజనం ఏర్పాటు చేస్తానండీ. వారింట్లో చేపల పులుసు తిన్నవాడు ఇంకో ఇంటి గడప తొక్కడండీ."

"రెండు, ఒంటి మీద గీత పడకుండా చూడాలి."

"మా పిల్లాడిలా చూసుకుంటావండీ."

"మూడోది ముఖ్యం. వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టకూడదు. షీల్డు పోటీతో సహా, మీరాడే ప్రతి ఆటలోనూ దింపాలి. ఎవరి మొహమాటానికీ ఆపకూడదు. మాట తప్పకూడదు."

"మాటంటే మాటేనండీ. ప్రతి ఆటలోనూ దింపుతాం. ఇంతేనాండీ? ఇంకేవైనా ఉన్నాయాండీ?"

ఆ ప్రశ్న ఆయన రెండుసార్లు అడిగారు. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. "ఇంతేనండీ" అని నేను కూడా రెండుసార్లు చెప్పాను. పైగా నూకరాజు పడవెక్కుతుంటే సంతోషం పట్టలేక డెక్లన్ బనీను వాడి చేతిలో పెట్టి, "ఇది తొడుక్కుని ఆడు" అన్నాను.

ఆ తరవాత నాకు ఇద్దరి వార్తలు ఒకేసారి వచ్చేవి. ఇంగ్లండులో డెక్లన్ రెండు గోల్సు కొట్టాడని అమలాపురంలో చదివి దిగితే, నూకరాజు ఒక్క కూతలో ముగ్గుర్ని కొట్టుకొచ్చాడని రేవులో చెప్పేవారు. నేను ఇద్దరి గురించీ ఒకే గర్వంతో తలూపేవాణ్ణి. ఒక శనివారం మాత్రం డెక్లన్ పేరు ఆడినవాళ్ళలో లేదు. ఆ రోజు వాళ్ళ చిన్న క్లబ్బు ఆడింది అతని సొంత పెద్ద క్లబ్బుతోనే. అంత ముఖ్యమైన ఆటకి ఎందుకు లేడా అని తెగ ఆలోచించాను. ఆ దేశం చల్లని దేశం కదా, పాపం జలుబు చేసి ఉంటుందని తేల్చుకున్నాను.

షీల్డు పోటీ వచ్చింది. ఒక వైపు నుంచి మేము గెలుచుకుంటూ వచ్చాం. రెండో వైపు నుంచి, నా లెక్క ప్రకారం మొదటి ఆటకే ఇంటికి పోవలసిన లంకవాళ్ళు, ఒక్కొక్కరినే ఎత్తిపడేస్తూ వచ్చారు. ఫైనలుకి మిగిలింది వాళ్ళూ మేమూ.

ఫైనలు రోజు ఉదయం పరుగెత్తుకుంటూ వీర్రాజుగారి దగ్గరికి వెళ్ళాను.

"ఏవండీ, ఇవాళ నూకరాజుని దింపరు కదా?"

ఆయన నిజంగా నొచ్చుకున్నారు. "అదేంటండీ బాబూ, అంత మాటన్నారు? ప్రతి ఆటలోనూ దింపుతానని మీకు మాటిచ్చేను కదండీ."

"అది కాదండీ, ఇవాళ మా మీద కదా..."

"ఎవరి మొహమాటానికీ ఆపొద్దన్నారండీ తవరే. పోనీ మీ మొహం చూసి ఆపేవనుకోండి, రేపు మీరే అంటారు, వీర్రాజు మాట తప్పేడని. నేను పడలేనండీ ఆ మాట."

"పోనీ ఇప్పుడే వెనక్కి తీసేసుకుంటానండీ."

"సీజను అయ్యేదాకా అన్నారు కదండీ. ఇంకో గంటలో అయిపోద్దండీ. కూర్చోండి, బొండాం తాగండి."

తన షరతుల ఉచ్చులో తనే కాలు పెట్టినవాడికి ఇచ్చే బొండాం చేదుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆట గురించి ఎక్కువ చెప్పను. వీపు మీద ఐర్లాండు పేరు, తొమ్మిది అంకె వేసుకున్న కొబ్బరి ఒలుపు కుర్రాడు గీత దాటి వస్తుంటే మావాళ్ళు చెల్లాచెదురయ్యారు. అన్నయ్య ఎడమ మోకాలు ఎటు తిరుగుతుందో, ఎటు తిరగదో, దానికి మందు రాసినవాడికి కాక ఎవరికి తెలుస్తుంది? వచ్చిన ప్రతిసారీ ఆ పక్క నుంచే వచ్చాడు. అన్నయ్యని కొట్టి, తన గీత దాటి, కూత ఆపేశాక వెనక్కి తిరిగి, "ఏవనుకోకండి బాబ్జీగారూ" అనేవాడు. జనం ఆటకంటే ఆ మర్యాదకే ఎక్కువ ఈలలు వేశారు.

షీల్డు లంకకి వెళ్ళిపోయింది, ఈసారి సొంతానికి. పెదనాన్నగారు తాతగారి పేరు పడవెక్కేదాకా రేవులో నిలబడి చూశారు. నా వైపు తిరిగి, "ఎరువిచ్చినోడికి కూడా చేటేరా అబ్బాయ్. సామెత సగవే చెప్పేరు పెద్దోళ్ళు" అన్నారు.

శుక్రవారం బావ కువైట్ నుంచి ఫోను చేస్తే, అక్క చేతిలోంచి లాక్కుని మొత్తం చెప్పాను.

"అరువుకెళ్ళినోడు సొంత క్లబ్బు మీద ఆడకూడదు బావా. మా సూపర్‌వైజరు మొన్నే చెప్పేడు, మేనల్లుడు ఒక ఆటకి అందుకే కూర్చున్నాడని. వాళ్ళు ముందే షరతు పెట్టుకుంటారు."

"అయితే ఆ శనివారం డెక్లన్‌కి జలుబు కాదా అండీ?"

"జలుబేంటి?" అన్నారు బావ.

సీజను అయిపోయింది కదా, నూకరాజు తిరిగి రావాలి. రాలేదు. మొదటి షరతు ప్రకారం తిండి బాగా పెట్టారు. పెట్టింది సరంగుగారి అమ్మాయి. ఇంకో ఇంటి గడప తొక్కడని వీర్రాజుగారు ముందే చెప్పారు, నేనే వినిపించుకోలేదు. ఆ ఏడే పెళ్ళయింది. శుభలేఖ ఇవ్వడానికి వచ్చి వీర్రాజుగారు నూకరాజుని నా ముందు నిలబెట్టి, "చూసుకోండి బాబూ, గీత పడలేదు" అన్నారు. అదే నెలలో అమలాపురంలో చదివాను, డెక్లన్‌ని కూడా ఆ చిన్న ఊరి క్లబ్బు పూర్తిగా తీసేసుకుంది. అతని వెనక ఏ సరంగుగారి అమ్మాయి ఉందో తెలుసుకోవాలని చాలా వెతికాను. ఆ పేజీలో ఫొటో కనుబొమల దగ్గరే ఆగిపోయింది.

తరవాతి ఏడు తాతగారి తద్దినం వచ్చింది. ఆ ఒక్క రోజూ షీల్డు ఇంట్లో ఉంటే బాగుంటుందని పెదనాన్నగారు పైకి అనలేదు గానీ, గోడ మీద ఖాళీ మేకు వైపు చూస్తూ కూర్చున్నారు. నేను పడవెక్కాను.

వీర్రాజుగారు నన్ను చూసి ఎప్పటిలాగే తువ్వాలు తీశారు. విషయం చెప్పాను.

"దానికేవుందండీ, మీ తాతగారిదే కదండీ. అరువుకి తీసుకెళ్ళండి. కాకపోతే మూడు షరతులండీ."

"చెప్పండి" అన్నాను. ఇంకేం అనగలను?

"ఒకటి, శుభ్రంగా తుడవాలండీ. రెండు, మూల పెట్టకూడదండీ, వచ్చినోళ్ళందరికీ కనపడాలి. మూడు, దాన్ని మా మీద వాడకూడదండీ."

"షీల్డుని మీ మీద ఎలా వాడతామండీ?"

"ఏవోనండీ" అన్నారాయన, ఎంతో మర్యాదగా. "అరువిచ్చేటప్పుడే అనుకోవాలి కదండీ అన్నీ."

షీల్డుని పడవలోకి మోసింది నూకరాజు. ఒంటి మీద నా బనీనే ఉంది.

కాబట్టి చదువరుల సాక్షిగా, గోదావరి పాయ సాక్షిగా, గడియారస్తంభం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మనిషిని గానీ వస్తువుని గానీ, అది ఎవరి మీదకి వెళుతోందో అడగకుండా ఈ జన్మలో అరువివ్వను.

మొన్న పక్కింటాయన మామిడికాయలు కోసుకోవాలి, నిచ్చెన ఇమ్మన్నారు. నేను ప్రమాణం మరిచిపోలేదు.

"ఎవరి చెట్టు మీదకండీ?" అని అడిగాను.

"మీ చెట్టేనండీ" అన్నారు.

ప్రమాణంలో అడగడం వరకే ఉంది. నిచ్చెన ఇచ్చాను.