పక్కన రాయాల్సిన మాట

మా పెద్దనాయన పోయారు.

చిలమత్తూరు బడిలో నేను పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా ఊరి చర్చిలో గంట కొట్టే అన్న తరగతి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. శింగనమల వైపు నుంచి బస్సులు మారి మారి వచ్చిన మనిషి. తల మీద టవలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చూడగానే తెలిసిపోయింది. అయినా అడిగాను, "ఏమన్నా, ఇంత దూరం వచ్చినావు?" అని.

"పెద్దాయన పోయినాడమ్మా. తెల్లార్తానే పోయినాడు, నిద్దరలోనే. నువ్వొచ్చేదాకా మన్ను చెయ్యొద్దని పాస్టరయ్య నన్ను పంపిచ్చినాడు" అన్నాడు.

పిల్లలు ఎక్కం ఆపలేదు. వాళ్లు ముగించేదాకా కుర్చీలో కూర్చుని విన్నాను.

ఆయన గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన దగ్గర చదువుకుని పాస్టర్లయినవాళ్లు విడపనకల్లు దాకా ఉన్నారు. వాళ్లు ఆయన పాండిత్యం గురించి రాస్తారు, రాయాలి కూడా. నా సంగతి వేరు. నాకు ఆయన మీద కోపం ఉంది. దుఃఖమూ ఉంది. రెండూ కలిసిపోయి ఉన్నాయి, విడదీసి రాయడం నా వల్ల కాదు. చదివేవాళ్లు మన్నించాలి.

ఆయన మా నాయనకు అన్న. మా నాయన నా చిన్నతనంలోనే పోతే ఆయనా, పెద్దమ్మా నన్ను పెంచారు. వాళ్లకు పిల్లల్లేరు. ఊరి చివర మిషను వాళ్ల వేదపాఠశాల ఒకటుండేది. పాస్టర్లు కాబోయే కుర్రవాళ్లు అక్కడ చదివేవారు. వాళ్లకు ఆయన హెబ్రీ భాష చెప్పేవారు. పాత నిబంధన మొదట రాసింది ఆ భాషలోనే. బెంగుళూరులో వేదాంత కళాశాలలో ఒక ముసలి దొర దగ్గర ఆయన అది నేర్చుకుని వచ్చారు. హెబ్రీని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఆ సంగతి ఊళ్లో తెలిసిన దగ్గర్నుంచి ఆయన పేరు పోయి 'తిరగేసి చదివే అయ్యవారు' అయింది.

"ఏమప్పా అయ్యవారూ, ఈ పొద్దు యాడిదాకా పోయినావు ఎనక్కి?" అని అరుగు మీద ముసలాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"ఇంకా శానా దూరముండాదిలే అప్పా" అని ఈయన నవ్వుకుంటూ పోయేవారు.

ఆ హెబ్రీ పుస్తకం అక్షరాల మీద వేలు పెట్టేవారు కాదు. కందికట్టె నుంచి సన్నని పుల్ల చీల్చుకుని, దాన్ని అక్షరాల పైన తాకీ తాకకుండా జరుపుతూ చదివేవారు. చదవబోయే ముందు చేతులు కడుక్కోవాల్సిందే. బిందెడు నీళ్ల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునే ఎండాకాలంలో కూడా ఆ అలవాటు మానలేదు. పెద్దమ్మ తిట్టుకుంటూ చెంబు వంచేది. కింద గిన్నె పెట్టి ఆ నీళ్లు పట్టి కరివేపాకు మొక్కకు పోసేది. "దేవుని మాట పుణ్యాన చెట్టన్నా బతుకుతాండాది" అనేది.

ఆయన అసలు పని భాష నేర్పడం కాదనుకుంటాను. పాత ప్రతుల్లో ఏది మొదటి మాట, ఏది తర్వాత వచ్చి చేరిన మాట అని వెతకడం ఆయన ప్రాణం. అచ్చు లేని కాలంలో తోలు చుట్టల మీద చేత్తో రాసినవి. ఒకదాన్ని చూసి ఇంకొకటి, దాన్ని చూసి మరొకటి. రాసేవాడి కన్ను జారుతుంది. అదెలాగో కుర్రవాళ్లకు అర్థం కావడానికి ఆయన చెప్పేది ఇది: శెనక్కాయ చేనులో కలుపు తీసే మనిషి నీళ్లు తాగి తిరిగొచ్చి, తన సాలు అనుకుని పక్క సాల్లో దిగుతుంది. మధ్యలో కొంత అలాగే ఉండిపోతుంది. మాటలు కూడా అలాగే ఉండిపోతాయట.

మధ్యాహ్నం సంగటి తిని నిద్రకు తూగే కుర్రవాళ్లతో ఆయన ఒక ఆట ఆడించేవారు. ఒక పేరా ఇచ్చి, మొదటివాణ్ణి చూసి రాయమనేవారు. వాడిది చూసి రెండోవాడు, వాడిది చూసి మూడోవాడు. చివరకు కాగితాలన్నీ కలిపేసి ఆయన చేతికివ్వాలి. ఎవరు ఎవరిది చూసి రాశారో ఆయన కూర్చుని చెప్పేసేవారు. "రైటు రాసింది చూస్తే ఏమీ తెలీదురా. అది అందరిదీ ఒకటే. తప్పు చూస్తే మీ చుట్టరికం తెలుస్తాది" అనేవారు. నేను పక్కనే ఉన్న మా ఇంటి కిటికీ దగ్గర బియ్యం ఏరుకుంటూ ఇదంతా వినేదాన్ని.

ఆ పాతకాలపు లేఖకుల పద్ధతి ఒకటి ఆయనకు చాలా ఇష్టం. తమ చేతికొచ్చిన ప్రతిలో ఒక మాట తప్పని వాళ్లకు ఖాయంగా తెలిసినా, దాన్ని చెరిపేవాళ్లు కాదు. ఉన్నది ఉన్నట్టే రాసి, సరైన మాటను పక్కన ఖాళీలో రాసి పెట్టేవాళ్లు. చదివేవాడు పక్కనున్నది చదువుకోవాలి. "తప్పైనా సరే, అది మనకంటే ముందొచ్చింది. చెరిపేదానికి మనమెవురు? పక్కన రాయాల" అనేవారు పెద్దనాయన. ఇంకొకటి కూడా అనేవారు. "నిద్దర మత్తులో చేసిన తప్పు దొరుకుతాది. దయతో చేసిన తప్పు దొరకదు." చదివేవాళ్లకు ఊరటగా ఉంటుందని ఎవరో మంచి మనసుతో ఒక మాట కలుపుతారు. అది ఎంత బాగుంటే అంత అనుమానించాలని ఆయన నేర్పేవారు.

నా కోపమంతా ఇక్కడే ఉంది.

వానలు వరసగా ఎగ్గొట్టిన కాలంలో పెద్దమ్మ మంచాన పడింది. కడుపులో గడ్డ. అనంతపురం పెద్దాసుపత్రిలో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె నొప్పి చెప్పలేను. పళ్ల మధ్య చీరకొంగు పెట్టుకుని కొరుక్కునేది. సాయంత్రం పూట కాస్త తెరిపి ఇచ్చినప్పుడు పెద్దనాయన మంచం పక్కన కూర్చుని ప్రవక్త గ్రంథం చదివి, తెలుగులో చెప్పేవారు. బాధలు పడిన సేవకుడి అధ్యాయం ఆమెకు ఇష్టం. అందులో ఒకచోట ఆ సేవకుడు బాధపడిన తర్వాత చూస్తాడని, తృప్తి పొందుతాడని ఉంది.

ఆ రోజు పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "ఉండు ఉండు. ఏం చూస్తాడు?"

"రాసిలేదు" అన్నారు ఆయన.

"అంత బాధ పడినోడు ఏందో ఒకటి చూస్తాడు గదా. ఊరికే చూస్తాడా?"

పెద్దనాయన పుల్ల కింద పెట్టారు. "పాతకాలపు గ్రీకు తర్జుమాలో ఒక మాట ఉండాది. హెబ్రీలో యాడా లేదు. తర్జుమా చేసినోళ్లు దయ కొద్దీ కలిపినారేమోనని అనుమానం. ఒక్క సాక్షిని నమ్మి ఎట్ల చెప్పేది?"

"ఆ మాటేందో నాకు చెప్పయ్యా."

"చెప్తే నువ్వు దాన్నే పట్టుకుంటావు. రేపు అది లేదని తేలితే?"

పెద్దమ్మ నవ్వింది. అంత నొప్పిలోనూ నవ్వింది. "తేలే పొద్దుకు నేనుంటానా ఏమి?"

ఆయన చెప్పలేదు.

నేను ఆయన వెనకాలే వాకిట్లోకి పోయి గట్టిగానే అడిగాను. "ఒక్క మాట పెద్దనాయనా! చెప్తే నీ సొమ్మేం పోతాది?" గోడకు ఆనుకుని నిలబడ్డారు ఆయన. "బతికేటోళ్లకు తప్పు చెప్తే రేపు దిద్దుకోవచ్చమ్మా. మీ పెద్దమ్మకు ఇప్పుడు ఏం చెప్పినా అదే కడ మాట. ఖాయం గాని మాట చేతిలో పెట్టి ఎట్ల పంపేది?" అన్నారు. ఆయన ఏడుస్తున్నారని చూశాను. అయినా నా కోపం తగ్గలేదు. ఆ వారంలోనే పెద్దమ్మ పోయింది. ఏం చూస్తాడో తెలియకుండానే పోయింది.

ఆమె సమాధి మీద కడప బండ నిలబెట్టించారు. పేరు కింద ఆ వాక్యమే చెక్కించారు. 'బాధపడిన పిమ్మట' అని ఉంటుంది. తర్వాత ఒక మాట పట్టేంత ఖాళీ. ఆ తర్వాత 'చూచును, తృప్తి పొందును' అని ఉంటుంది. చెక్కేవాడు మరిచిపోయాడని ఊళ్లో అందరూ అనుకున్నారు. "ఏమప్పా, నీ బండలో మాట ఎవురు మింగినారు?" అని కూడా అడిగారు. ఆ ఖాళీ వదిలించింది ఈయనేనని వాళ్లకు తెలియదు.

తర్వాత కొన్నేళ్లకు బెంగుళూరు కళాశాల నుంచి కబురొచ్చింది. మృతసముద్రం పక్క గుహల్లో జాడీల్లో దొరికిన తోలు చుట్టల ఫొటోలు అచ్చయి వచ్చాయని. అంతకు ముందున్న హెబ్రీ ప్రతుల కంటే వెయ్యేళ్లు పాతవి. అందులో ఆ ప్రవక్త గ్రంథం కూడా ఉంది. "తోడు రామ్మా" అన్నారు. ఇద్దరం పోయాము.

గ్రంథాలయం గుమ్మంలో ఆయన అలవాటుగా చెప్పులు విడిచారు. చేతులు కడుక్కున్నారు. జేబులోంచి కందిపుల్ల తీశారు. ఆ పెద్ద పుస్తకంలో ఆ అధ్యాయం దొరికాక, పుల్ల కుడి నుంచి ఎడమకు మెల్లగా కదిలింది. ఒకచోట ఆగింది. మళ్లీ మొదటికి పోయి వచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. ఆయన లేచి రెండో చుట్ట ఫొటోలున్న పుస్తకం అడిగి తెచ్చుకున్నారు. అందులోనూ పుల్ల అక్కడే ఆగింది.

"ఉండాదమ్మా" అన్నారు.

"ఏం మాట పెద్దనాయనా?"

"వెలుగు." పుస్తకం మూసి మళ్లీ అన్నారు. "వెలుగు చూస్తాడంట. గ్రీకోళ్లు కలిపింది కాదు. మొదట్నించీ ఉండాది. హెబ్రీలో చూసి రాసేటోళ్ల చేతిలో యాడనో జారిపోయింది. మీ పెద్దమ్మ అడిగినపుడు నేను చెప్పింటే అబద్ధమయ్యేది కాదు తల్లీ."

బస్‌స్టాండు చేరేదాకా ఆయన కాళ్లకు చెప్పుల్లేవని ఇద్దరమూ చూడలేదు. వెనక్కి పోదామంటే వద్దన్నారు.

ఊరికి వచ్చాక తిన్నగా సమాధుల దగ్గరికి పోయి, బండ ముందు నిలబడి ఆ వాక్యం మొత్తం పైకి చదివారు, ఆ మాటతో కలిపి. చనిపోయినవాళ్లకు వినపడుతుందో లేదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. ఖాయంగా తెలియని పని ఆయన చేయగా నేను చూసింది అదొక్కటే.

"ఇంక ఆ ఖాళీలో చెక్కించు పెద్దనాయనా" అన్నాను.

"మీ పెద్దమ్మ ఆ మాట వినకుండా పోయింది. ఇప్పుడు చెక్కితే చూసినోళ్లు దానికి చెప్పే పంపినాననుకుంటారు. నా తప్పు చెరిపేసినట్లయితాది. తప్పు చెరపగూడదు, పక్కన రాయాల."

"పక్కన యాడుండాది జాగా?"

సమాధి పక్క నేల వైపు చూశారు. "ఉండాదిలే" అన్నారు. నేను పట్టించుకోలేదు. ముసలితనం మాటలనుకున్నాను.

ఆ తర్వాత ఆయన బతికిన కాలమంతా ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే అక్కడికి పోయేవారు. చూపు మందగించాక కుర్రవాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాళ్లు. ఆ మాట మీద తరగతిలో పాఠం చెప్పమని అడిగితే మాత్రం ఇంకొకరి చేత చెప్పించేవారు.

పెద్దమ్మ పక్కనే ఆయన్ను మన్ను చేశాము. ఆ జాగా ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టింది ఆయనే. బండ నిలబెట్టే రోజు వచ్చినప్పుడు పాస్టరయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"పేరు, చదువు, చేసిన సేవ అంతా చెక్కిద్దామమ్మా. పన్లో పనిగా పెద్దమ్మ బండలో ఆ ఖాళీ గూడా పూడ్చేద్దాం. ఇంక అడ్డం చెప్పేదానికి ఆయన లేడు గదా."

సరే అనబోయాను. ఇన్నేళ్లుగా నేను కోరింది అదే. బండ దగ్గర కూర్చుని చెయ్యి పెట్టి చూశాను. చెక్కిన అక్షరాల నిండా ఎర్రమన్ను పట్టింది. ఖాళీ ఒక్కటే నున్నగా ఉంది. ప్రతి ఆదివారం ఆయన అరచెయ్యి ఆనింది అక్కడే. ఉన్నట్టుండి 'ఉండాదిలే' అన్న ఆ మాట చెవిలో వినపడింది. ఆయన చూసిన నేలలో ఇప్పుడు ఆయనే ఉన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఎంత పిచ్చిమనిషివయ్యా పెద్దనాయనా! ఒక్క మాట కోసం ఇన్నేళ్లు కాచుకున్నావా?

"ఆమె బండ ముట్టొద్దు" అని పాస్టరయ్యతో చెప్పి, రాయి చెక్కే అన్నను పిలిచాను. "ఆ ఖాళీకి సరిగ్గా పక్కకు వచ్చేట్లు, ఈ బండలో అంతే ఎత్తులో ఒక్క మాట చెక్కన్నా."

"పేరు?"

"వద్దన్నా."

"పేరు లేకుంటే ఎవురిదో ఎట్ల తెలుస్తాదమ్మా?"

"పక్క బండ చదివినోళ్లకు తెలుస్తాదిలే."

అతను తల గోక్కుని, ఎత్తు కుదరడానికి పెద్దమ్మ బండలోని ఖాళీ దగ్గర నుంచి పెద్దనాయన బండ దాకా దారం లాగి కట్టాడు. అది తాకిన చోట బొగ్గుతో గీత గీశాడు. ఉలి ఆనించి, సుత్తి ఎత్తి, ఆగాడు.

"మాటేందో చెప్పకపోతివే."

"వెలుగన్నా" అన్నాను. పక్కన పడుకున్న ఆమెకు వినపడేలా గట్టిగానే అన్నాను. ఎండిన చెరువు మీంచి గాలి వీస్తోంది, రెండు బండల మధ్య ఆ దారం సన్నగా ఊగుతోంది.