ఇంజన్లో వేసిన అక్షింతలు

మా ఆయన బాగేపల్లిలో ఒకరి షెడ్డులో పన్నెండేళ్లు పనిచేసి, చింతామణిలో సొంతంగా మెకానిక్ షెడ్డు పెట్టిన మొదటి సంవత్సరం అది. ఇంజను పని నమ్మి ఇచ్చిన మొదటి మనిషి రిటైరైన ఒక బడి మేష్ట్రు. ఆయనకు పని నచ్చితే ఆ వీధిలో కార్లన్నీ మా దగ్గరికే వస్తాయి. నచ్చకపోతే ఒక్కటీ రాదు. ఊళ్లో ఆయన మాటకు అంత విలువ.

ఆయుధపూజ రోజు పొద్దున మా ఆయన ఆ కారు ప్లగ్గులు విప్పి, తుడిచి, గుడ్డ మీద పరిచి స్నానానికి వెళ్లాడు. పూజ నా వంతు. పానాలకు, జాకీకి, సుత్తికి పసుపు కుంకుమ పెట్టాను. కారు బానెట్ ఎత్తే ఉంది. ప్లగ్గులు తీసిన చోట ఇంజను నెత్తిన నాలుగు రంధ్రాలు కనిపించాయి. బండ్ల గురించి నాకు తెలిసింది సున్నా. పైపైన చల్లితే ఏం లాభం, దీవెన లోపలికి చేరాలి గదా అనుకుని ఒక్కో రంధ్రంలో చిటికెడు అక్షింతలు వేశాను. ఒకదాంట్లో మాత్రం రెండు చిటికెలు.

హారతి ఇచ్చి, గుమ్మడికాయ కొట్టాక ఆ సంగతి మా ఆయనకు గొప్పగా చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

"లోపలికేసినావా? బియ్యమా?"

"బియ్యం కాక రాళ్లేస్తారా? కాలి బూడిదైపోతాది లే." తప్పు చేసిన రోజు నా నోరు ఇంకా పెద్దదవుతుంది.

"ఒక్క గింజ వాల్వు కింద ఇరుక్కుంటే చాలు, ఇంజను దమ్ము పోతాది. ఎన్ని గింజలేసినావే?"

"ఎవరు లెక్కపెట్టినారు!"

తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టి నెమ్మదించేదాన్ని. ఆయన తిట్టలేదు. ఇంజను తిప్పనంతవరకు భయం లేదని తనకు తానే చెప్పుకున్నాడు. గింజలు బయటికి తీయాలంటే పనిముట్లు కావాలి. పూజ చేసిన పనిముట్టును మరునాటి దాకా ముట్టుకోకూడదు. "దేవుడేమీ అనుకోడు, తీసుకో" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పక్కనున్న సైకిల్ షాపులో ఒక పాత స్పోకు అడిగి తెచ్చుకుని, కొసకు గ్రీజు రాసి రంధ్రంలోకి దించాడు. నేను టార్చి పట్టుకున్నాను. గ్రీజుకు అతుక్కుని పచ్చటి గింజ ఒకటి పైకి వచ్చింది. దాన్ని స్టీలు మూతలోకి తుడిచాను. తర్వాత ఇంకొకటి. రెండు రంధ్రాల్లో గింజలు పైనే దొరికాయి. మిగతా రెండూ లోతు. చెయ్యి కాస్త కదిలితే గింజ మళ్లీ కిందికి జారేది. పండగ భోజనం చల్లారిపోయింది. ఇద్దరికీ ఆకలి గుర్తు రాలేదు.

సాయంత్రం కారు చూసుకుందామని మేష్ట్రు వచ్చాడు.

"ఏమప్పా, ఇంకా అట్లే ఉండాది?"

"నా చెయ్యి జారింది మేష్ట్రే. లోపల చెత్త పడింది" అన్నాడు మా ఆయన.

"ఇంజను తెరిచిపెట్టుకొని ఇంత నిర్లక్ష్యమా? నీ పని మంచిదని విని ఇచ్చినా."

మా ఆయన తల వంచుకున్నాడు. పన్నెండేళ్ల కష్టం ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"ఆయన చెయ్యి ఎప్పుడూ జారదప్పా! నేనేసినా. పూజలో అక్షింతలేసినా." అరుపుగా మొదలైన మాట ఏడుపులోకి దిగింది. మూత చాచి చూపించాను.

మేష్ట్రు కళ్లద్దాలు పైకి తోసుకుని మూతలోకి, తర్వాత ఇంజన్లోకి చూశాడు. "మిగతా అన్నిట్లో అయిపోయినాయి. ఈ ఒక్కదాంట్లో ఇన్ని ఎందుకుండాయమ్మా?"

"అది ఈయన పేరున."

"నా బండిలో మీ ఆయన పేరునా!" అని పెద్దగా నవ్వాడు. "నిదానంగా తీయప్పా. ఎల్లుండి వస్తా. మా తమ్ముని బండి గూడా తెస్తా, చూద్దువు."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా మేమిద్దరం కదల్లేదు.

"ఎందుకు చెప్పినావే? నా మీదనే పోనీయాల్సింది" అన్నాడు మా ఆయన, ఇంజన్లో నుంచి తల ఎత్తకుండా. "నిన్నెవరన్నా ఒక మాటంటే నేను చూడలేను."

పదకొండేళ్ల కాపురంలో ఆయన అలాంటి మాట అనడం అదే మొదటిసారి. నా చేతిలోని టార్చి ఇంజను మీద నుంచి ఆయన వైపు తిరిగిపోయింది.

"సరిగ్గా పట్టవే, కనబడలే" అన్నాడు.

టార్చిని మళ్లీ రంధ్రం మీదికి తిప్పి రెండు చేతులతో పట్టుకున్నాను.