ఉగాదికి నేనిచ్చిన డివిడెండు

ఈ మాట గొంతులో అడ్డం పడి ఏళ్లవుతోంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేనిదాన్ని, పేరు దాచుకుని, ముఖం తెలియని మీకు చెబుతున్నాను. తిట్టుకుంటే తిట్టుకోండి. మధ్యలో మాత్రం లేచి వెళ్లిపోకండి.

కర్నూలు జిల్లా పత్తికొండలో నాకు షేర్లు కొనిపెట్టే చిన్న ఆఫీసు ఉంది. మా వైపు నేలలో బోర్లు వేసి బంగారం కోసం వెతికే ఒక కంపెనీ షేర్లు అప్పట్లో నా దగ్గర బాగా పోయేవి. తవ్వి అమ్మే కంపెనీ కాదది, వెతికే కంపెనీ. వచ్చిన డబ్బంతా బోర్లకే పోతుంది. ఇంతవరకు లాభంలో వాటా, అదే డివిడెండు, ఇవ్వలేదనీ, ఇప్పట్లో ఇచ్చే ఆలోచన కూడా లేదనీ ఆ కంపెనీయే దాచకుండా చెప్పుకుంది. నేను చదివాను. నాకు తెలుసు. తెలియక చేసి ఉంటే ఇదంతా రాసే పనే లేదు కదా?

మా బావ, అంటే మా అక్క భర్త, వంక పక్కనున్న చేను అమ్మిన డబ్బుతో వచ్చాడు. "ఏటేటా దుడ్లు వస్తాయా అప్పా?" అని ఒక్కటే అడిగాడు. గుత్త లాంటిదే బావా, అన్నాను. మా ఊళ్లలో పొలం గుత్తకిస్తే వాన పడినా పడకున్నా ఉగాదికి గుత్త డబ్బు ఇంటికి రావాల్సిందే. ఆయన నమ్మేది ఆ ఒక్క పద్ధతినే. అది తెలిసే ఆ మాట ఎంచుకున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా బంగారమే కనబడని కంపెనీ పేరు మీద నేను గుత్త రాబడి మాట్లాడాను.

ఉగాది వచ్చింది. బావా వచ్చాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచిరోజు దొరికేదా? చెప్పలేదు. నా కమీషన్‌లోంచి తీసి, డివిడెండు వచ్చింది బావా అని చేతిలో పెట్టాను. ఆయన సంబరంగా ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన్ని చూసి ఇంకా కొందరు కొన్నారు. కొత్తవాళ్లు డివిడెండుకు రెండేళ్లు ఆగాలని వాళ్లకు చెప్పాను. బావ చేతిలో నేను పెట్టిందంతా కమీషన్‌గా నాకు తిరిగొచ్చింది.

మరుసటి ఉగాదికి షేరు ధర పడిపోయింది. నా చేతిలోనూ ఏమీ లేదు. ఈసారి కంపెనీ ఇవ్వలేదు బావా, ఊళ్లో అనొద్దు అని పంపేశాను. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది.

"కంపెనీ ఏమీ ఇయ్యలేదంటాండాడు మీ బావ. నిజమేనారా?"

నేను ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"పలకవేమిరా? ఇచ్చిందా లేదా?"

"ఇచ్చింటాదిలే అక్కా. బావనే అడుగు."

"అయితే ఆ దుడ్లతో మళ్లా తాగుడు మొదలుపెట్టినాడు" అని ఫోన్ పెట్టేసింది.

బావ ఒకప్పుడు తాగేవాడు. మాల వేసుకున్న ఏడాది మానేశాడు, మళ్లీ ముట్టలేదు. ఆ సంగతి నాకూ తెలుసు. కంపెనీ ఇవ్వలేదని నేనే అంటే, పాతవాడికే రాకపోతే మాకెప్పుడొస్తాయని ఊరు నా ఆఫీసు మీదికొచ్చేది. ఆ భయంతో అన్నానా? లేక నన్ను ఎత్తుకుని పెంచిన అక్క ముందు మంచి తమ్ముడిగా మిగలాలనా? ఎన్నిసార్లు ఆలోచించినా రెండూ నిజమేననిపిస్తుంది, ఏది ముందో తేలదు, తేలినా దానివల్ల ఒరిగేదేమీ లేదు.

వాళ్లిద్దరికీ మాటా మాటా పెరిగింది. బావ ఎర్రగుంట్ల వెళ్లిపోయాడు, లారీలకు సిమెంటు బస్తాలు ఎత్తే పనికి. ఆ దుడ్లు తెచ్చి ముందర పెట్టి గడప తొక్కమని అక్క కబురు పెట్టింది. ఆ కబురు మోసింది కూడా నేనే. సిగ్గులేని కాళ్లు, తీసుకెళ్లాయి.

పోయిన వారం ఆయనే రమ్మంటే మళ్లీ వెళ్లాను. మనిషి సగమయ్యాడు. దగ్గుతూ దగ్గుతూ ఒక గుడ్డమూట నా చేతిలో పెట్టాడు. కూలి డబ్బు.

"ఇచ్చిందని మీ అక్కకు నువ్వే చెప్పినావు గదా అప్పా. ఇవి ఆ దుడ్లేనని చెప్పు. తాగలేదు, దాచిపెట్టినాడని చెప్పు. నీ మాటయితే నమ్ముతాది. నాకు ఇంటికి పోవాలనుండాది."

ఎందుకట్లా చెప్పినావని అడగలేదు. అడిగి ఉంటే కాళ్ల మీద పడేవాణ్ణి. అడగలేదు.

మూట నా ముందుంది. నోట్లకు సిమెంటు దుమ్ము అంటుకుని ఉంది. రేపు అక్క వస్తానంది. ఆయన చెప్పినట్టే చెబితే ఆయన ఇల్లు చేరతాడు, నేను మంచి తమ్ముడిగానే ఉంటాను, ఆయన మాత్రం పెళ్లానికి తెలియకుండా డబ్బు దాచిన మనిషిగా బతకాలి. నిజం చెబితే నాకు అక్క ఉండదు. చెప్పగలనా? నా మీద నాకే నమ్మకం లేదు. అందుకే ముందు మీ దగ్గర అనేస్తున్నాను, ఒక్కసారైనా ఆ మాట నాలోంచి పూర్తిగా బయటికి రావాలని.

కంపెనీ ఏ ఉగాదికీ ఏమీ ఇవ్వలేదు. మా బావ తాగలేదు.

రాశాను. ఊపిరి ఆడుతోంది.