పాపికొండల లాంచీలో తెరుచుకోని పెట్టె

నా చిన్నప్పుడు మా ఇల్లు మొత్తానికి చలికి వేసుకునే బట్ట ఒకే ఒక్కటి ఉండేది. అది మా నాన్న మస్కట్ నుంచి పంపిన ఉన్ని స్వెట్టరు. తారురోడ్లు కరిగిపోయే దేశం నుంచి స్వెట్టరు ఎందుకు పంపాడని ఎవరూ అడగలేదు. కొత్తపేట దగ్గర మా పల్లెలో చలి అంటే తెల్లవారుజామున కొబ్బరితోటలో నడిచేటప్పుడు చేతులు కట్టుకోవడం. అంతకు మించిన చలికి మా దగ్గర ఏర్పాట్లు లేవు.

నాకు పదేళ్లున్న ఆ ఏడాది కార్తీకంలో మేం పాపికొండలకు బయలుదేరాం. రాజమండ్రిలో లాంచీ ఎక్కితే రెండు రోజులు గోదావరి మీదే. మా నాయనమ్మ పుట్టినప్పటి నుంచీ గోదావరిని చూస్తూనే ఉంది గానీ, మా వైపు అది చాప పరిచినట్టు ఉంటుంది. కొండల మధ్య ఇరుకున ఎలా ఉంటుందో చూడాలని ఆవిడ కోరిక. మా మేనత్త ఎనిమిది నెలల కొడుకుతో పుట్టింటికి వచ్చి ఉంది. వారం దాటితే అత్తవారింటికి వెళ్లిపోవాలి. అందుకని వాయుగుండం పట్టిందని రేడియో చెప్పినా ప్రయాణం ఆపలేదు. వాన కూడా ఆగలేదు.

మూడు రోజులుగా ఎండ లేదు. వసారాలో కట్టిన తాళ్లన్నిటి మీదా బట్టలు వేలాడుతున్నాయి, ఒక్కటీ ఆరడం లేదు. అమ్మ నిప్పుల కుంపటి మీద గంప బోర్లించి పిల్లాడి గుడ్డలు దాని మీద ఆరబెట్టింది. మిగతావాటిని బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్ది ఆరాయనిపించింది. ఇంట్లో ప్రతి బట్టా సగం పొగ వాసన, సగం ముక్కిన వాసన. ఎరువుల బస్తాల లోపల ఉండే ప్లాస్టిక్ సంచులు నాలుగైదుసార్లు కడిగి, ఎవరి బట్టలు వాళ్లకి వాటిలో చుట్టింది.

ఆ చుట్టలు ఎందులో పెట్టాలన్న దగ్గర అభిప్రాయభేదం వచ్చింది. ఎవరి సంచీ వాళ్లు పట్టుకోవాలని నాయనమ్మ అంది. అమ్మ మాత్రం నాన్న పంపిన కొత్త సూట్‌కేసు చూపించింది. చుక్క నీరు దిగదని ఆయన ఉత్తరంలో రాశాడు. ఆ పెట్టెను ఊళ్లో వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు గానీ, దాన్ని ఎక్కడికైనా తీసుకెళ్లే అవకాశం అమ్మకు అంతవరకూ రాలేదు. నాయనమ్మకు ఆ సంగతి అర్థమై ఊరుకుంది. తాతయ్యతో కలిపి అయిదుగురి బట్టలు, పిల్లాడి గుడ్డలు, అన్నిటి పైనా స్వెట్టరు, అన్నీ ఆ పెట్టెలోకి వెళ్లాయి. నిజం చెప్పాలంటే నాన్న రాసింది అక్షరాలా నిజం. పెట్టెలోకి చుక్క నీరు దిగలేదు. మేమూ దిగలేకపోయాం.

ఎందుకంటే ఆ పెట్టెకు తాళంచెవి లేదు. మూడు చిన్న చక్రాలు, వాటి మీద అంకెలు. మూడు సున్నాలు పెడితే తెరుచుకుంటుందని, దాని జోలికి ఎవరూ వెళ్లవద్దని నాన్న ఉత్తరంలో రెండుసార్లు రాశాడు. రెండోసారి నా గురించే అయి ఉంటుంది. పెట్టెతో వచ్చిన ఇంగ్లీషు కాగితం ఇంట్లో చదవగలిగినదాన్ని నేనే. లోపల ఒక చిన్న మీట ఉంటుందని, దాన్ని నొక్కి చక్రాలు తిప్పితే మనకు కావలసిన నంబరు పెట్టుకోవచ్చని అందులో ఉంది. ఆ నంబరు నాకొక్కదానికే తెలిస్తే, లాంచీలో రెండు రోజులు ఎవరికి పొడిగుడ్డ కావలసినా నన్నే పిలవాలి. అంతకు మించిన పదవి పదేళ్ల వయసులో నాకు తోచలేదు.

బయలుదేరే ముందురోజు సాయంత్రం, మూత నొక్కడానికి నన్ను పెట్టె మీద కూర్చోమన్నారు. కూర్చోబోయే ముందు పెన్ను రీఫిల్‌తో మీట నొక్కి నా నంబరు పెట్టాను. మీట పూర్తిగా పైకి లేచిందో లేదో చూసుకోలేదు. మూత బిగిసేటప్పుడు నా చెయ్యి చక్రాలకు తగిలి అవి ఇంకోలా తిరిగాయి. టక్కున తాళం పడింది. అందరూ లోపలికి వెళ్లాక నా నంబరు పెట్టి చూశాను. రాలేదు. మూడు సున్నాలు పెట్టాను. అదీ రాలేదు.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. కానీ చెప్పినంత మాత్రాన తెరుచుకోదు కదా, ఏ నంబరు పడిందో నాకే తెలియనప్పుడు చెప్పి ప్రయోజనం ఏముంది అని ఆలోచించాను. చిన్నప్పుడు నా తర్కం చాలా బలంగా ఉండేది. మర్నాడు రాజమండ్రి బస్సులో ఆ పెట్టె మా కాళ్ల దగ్గరే ఉంది. రెండు గంటల ప్రయాణంలో కిటికీలోంచి ఏం కనబడిందో నాకు గుర్తు లేదు. పెట్టె మాత్రం గీత గీతా గుర్తుంది.

రేవులో లాంచీకి వేసిన బల్ల మీద నడిచేటప్పుడే అందరం తలనుంచి పాదాల వరకూ తడిశాం. లాంచీ కదిలాక ఈదురుగాలి మొదలైంది. రెండు వైపులా టార్పాలిన్లు దించేశారు. లోపల చీకటిగా, తడి గొడుగుల వాసనతో, నలభైమందిమి మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా కూర్చున్నాం. పాపికొండలు చూడటానికి వచ్చినవాళ్లం ఆకుపచ్చ టార్పాలిను చూస్తూ వెళ్లాం. పక్కకు జరగడానికి చోటు లేదు. దిగిపోదామంటే గోదావరి.

పిల్లాడికి వణుకు పట్టింది. అమ్మ పెట్టె ముందుకు లాగి మూడు సున్నాలు పెట్టింది. తెరుచుకోలేదు. మేనత్త ప్రయత్నించింది. పక్కవాళ్లు ప్రయత్నించారు. కుదుపుకి పాడైపోయి ఉంటుందని ఒకరు, నీళ్లు దిగి బిగుసుకుందని ఒకరు తేల్చారు. ఎవరో తువ్వాలు ఇచ్చారు గానీ అదీ చెమ్మగానే ఉంది. మేనత్త పిల్లాణ్ని తీసుకుని లాంచీ వెనకవైపు వంట చేసే పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చుంది. వాడి పెదవులు నీలంగా కనబడుతున్నాయని వెళ్తూ వెళ్తూ అంది. ఏడుపు ఆపుకుంటున్న గొంతు అది.

లాంచీ నడిపే సరంగు ఒక ఇనపకడ్డీ పట్టుకొచ్చాడు. రెండు పోట్లు పొడిస్తే మూత విరిగి వస్తుందన్నాడు. పొడవండి అంది అమ్మ. ఆ మాట అన్నాక పెట్టె వైపు చూడలేక తల తిప్పుకుంది.

తాతయ్య నా పక్కనే ఉన్నాడు. నేను ఆయన చెవిలో, "తాతయ్యా, అది పాడవలేదు. నేను నంబరు మార్చేను. ఏ నంబరు పడిందో తెలీదు" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. కడ్డీకి అడ్డంగా పెట్టె మీద చెయ్యి వేశాడు. తర్వాత సరంగుతో, "ఉండవయ్యా. అది పాడవలేదు. నిన్న సాయంత్రం చక్రాలెలా తిరుగుతాయో చూద్దామని నేనే తిప్పేను. అదేదో నంబరు పడిపోయింది" అన్నాడు.

మా వాళ్లు వెంటనే నమ్మేశారు. తాతయ్య అంతకుముందు ఒక రేడియోని, ఒక గోడగడియారాన్ని విప్పి చూసి ఉన్నాడు. అవి మళ్లీ పని చెయ్యలేదు. "మీ చేతులకి ఊరుకోవడం అన్నది లేదా అండీ" అంది నాయనమ్మ, నలభైమందీ వినేలా.

"ఆయ్, లేదు" అన్నాడు తాతయ్య. తర్వాతి రేవు వచ్చేలోపు తెరుచుకోకపోతే కడ్డీతో పొడిచెయ్యమని సరంగుకి చెప్పాడు. గంట ప్రయాణం. పెట్టె ఒళ్లో పెట్టుకుని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "నువ్వు అంకెలు చదువు. నేను తిప్పుతాను. ఒక్కటి కూడా దాటెయ్యకు."

సున్నా సున్నా ఒకటి నుంచి మొదలుపెట్టాం. నేను చదవడం, ఆయన తిప్పడం, మూత లాగి చూడడం. రెండొందలు దాటేసరికి ఆయన వేళ్లు చలికి కొంకర్లు పోయాయి. చంకలో పెట్టి వెచ్చచేసుకుని మళ్లీ తిప్పాడు. వెనకనుంచి పిల్లాడి ఏడుపు వినబడుతోంది. ఏడుపు ఆగితే ఇంకా భయమేసేది. నాలుగొందల దగ్గర నా గొంతు బొంగురుపోయింది. నీళ్లు తాగుతావా అని మాత్రం అడిగాడు. అంతసేపట్లో ఆయన నన్ను అన్న మాట అదొక్కటే. ఒక దెబ్బ వేసి ఉంటే ఎంత సుఖంగా ఉండేదో.

అయిదొందల డెబ్బై రెండు దగ్గర తెరుచుకుంది. తర్వాతి రేవుకి ఇంకా ఒక మలుపు ఉంది. అమ్మ స్వెట్టరు లాక్కుని వెనక్కి పరిగెత్తింది. అది మా నాన్న కొలతది. పిల్లాడు అందులో పూర్తిగా మాయమయ్యాడు. కాసేపటికి లోపలినుంచి ఏడుపు కాకుండా వేరే చప్పుళ్లు రావడం మొదలైంది. మేనత్త అప్పుడు ఏడ్చింది.

అడ్డంగా చీర పట్టుకుని ఆడవాళ్లు పొడిబట్టలు కట్టుకున్నారు. మధ్యాహ్నం పులిహోర పెట్టారు. అమ్మ మావగారికి ముందుగానే వడ్డించింది గానీ, ఎప్పటిలా ఇంకాస్త వెయ్యమంటారా అని అడగలేదు. మా ఇంట్లో అంతకు మించిన కోపం లేదు. తాతయ్య తనకేం పట్టనట్టు తిన్నాడు. ఆ ఖాళీ విస్తరి చూశాక నా వల్ల కాలేదు.

"నంబరు మార్చింది తాతయ్య కాదు. నేను" అన్నాను.

నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "చూసేవా అమ్మాయ్, తాతని అంటన్నామని పాపం తన నెత్తినేసుకుంటంది" అంది మేనత్తతో.

కాదన్నాను. రీఫిల్‌తో మీట ఎలా నొక్కానో వివరంగా చెప్పాను. "అదీ ఈయనే చూపించుంటారు" అంది నాయనమ్మ. పక్కనున్నవాళ్లు పిల్ల అంటే ఇలా ఉండాలన్నారు. ఒకావిడ నా బుగ్గ పుణికి జంతిక ఇచ్చింది. చేసిన తప్పుకు జంతిక తినడం అదే మొదటిసారి.

సాక్ష్యం చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన వైపు చూశాను. నా కళ్లల్లో ఏముందో ఆయనకు అర్థమైంది. కానీ ఇప్పుడు నిజం ఒప్పుకుంటే ఇందాక చెప్పింది అబద్ధమని కూడా ఒప్పుకోవాలి. "పెద్దవాళ్ల సంగతి నీకెందుకమ్మా. పెరుగన్నం తిను" అన్నాడు. పెరుగన్నం తిన్నాను. చుట్టూ టార్పాలిను, బయట వాన, లోపల నలభైమంది మెచ్చుకోలు. ఆ రోజు నేను కూర్చున్నంత ఇరుకులో మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో కాసేపు తెరిపిచ్చి టార్పాలిన్లు ఎత్తారు. నాయనమ్మ కొండలు చూసింది. బానే ఉన్నాయంది.

ఇంటికి వచ్చాక ఆవిడ తాతయ్య మొలతాడునుంచి పెరట్లో కొబ్బరికాయలు దాచే కొట్టు తాళాలు విప్పి తన కొంగున కట్టుకుంది. ఇక మీ చేతికి తాళాలు వద్దండీ అంది. నవ్వుతూనే అంది. కానీ అవి మళ్లీ తిరిగి వెళ్లలేదు. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఆ గుత్తి ఆయన నడుముకే ఉండేది. కొట్టు తెరవాల్సి వచ్చినప్పుడల్లా ఆయన పెరటి గుమ్మం దగ్గర నిలబడి, నాయనమ్మ వచ్చేదాకా ఆగేవాడు. పెళ్లిళ్లలో ఆ లాంచీ కథ చెప్పి అందరూ నవ్వేవారు. నా పాత్ర వచ్చేసరికి కళ్లు తుడుచుకునేవారు. నేను ప్రతిసారీ నిజం చెప్పేదాన్ని. ప్రతిసారీ నా గొప్పతనం ఇంకాస్త పెరిగేది. కొన్నాళ్లకు మానేశాను.

కాలేజీలో చేరాక ఒకసారి ఆయన్ని అడిగాను, ఎందుకలా చెప్పారని. కొబ్బరికాయలు వలుస్తూ చెప్పాడు. "ఆ పూట పెట్టె తెరుచుకోవడం ముఖ్యమమ్మా. ఎవరు మూసేరన్నది ఎండొచ్చేక చూసుకుందాంలే అనుకున్నాను. నువ్వు ఎండ రాకుండానే చెప్పేసేవు. వీళ్లు నమ్మలేదు. ఇంకేం చేస్తాం." తాళాల సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.

ఇప్పుడు ఇంట్లోగానీ ఆఫీసులోగానీ నా వల్ల ఏదైనా చెడితే, ఎవరూ అడగకముందే నాదేనని చెప్పేస్తాను. ఒక్కోసారి ఏం చెడిందో వాళ్లకింకా తెలియకముందే చెప్పేస్తాను. ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదంటారు. అది నిజాయితీ కాదు, తొందర. నాకంటే ముందు ఏ మంచివాడో లేచి ఆ తప్పు తనదనేస్తాడేమోనని భయం.