సెట్టింగుల పెద్దమ్మ

మా పెద్దమ్మ వీడియో గేమ్ ఆడదు. ఆ గేముకి సెట్టింగులు పెడుతుంది. ఓస్ ఇంతేనా, ఆడేముందు అందరూ పెట్టుకునేవేగా అనుకుంటున్నారేమో. అందరూ పెట్టుకుని ఆడతారు. మా పెద్దమ్మ పెడుతూనే ఉంటుంది. టీ చల్లారిపోతుంది, చుట్టాలు వచ్చి వెళ్ళిపోతారు, తెర మీద కత్తి పట్టుకున్న వీరుడు ఎప్పుడు కదలమంటారా అని నిలబడి ఎదురుచూస్తుంటాడు. ఆవిడ మాత్రం వెలుగు ఒక గీత తగ్గించి, నీడ ఒక గీత పెంచి, వెనక్కి జరిగి, తల పక్కకి వంచి, "ఇదా, ఇందాకటిదా?" అంటుంది.

ఆ ప్రశ్న ఆవిడ ఉద్యోగంలోంచి వచ్చింది. పెద్దమ్మ కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఇనప ఫ్రేము తగిలించి, అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకోటి వేసి, "ఇదా, ఇందాకటిదా?" అని అడగడమే పొద్దుట్నుంచీ ఆవిడ పని. అడిగి అడిగి ఆ మాట నాలుకకి అతుక్కుపోయింది. కూరల కొట్టులో రెండు టమాటాలు పట్టుకుని కొట్టువాణ్ణి అదే అడుగుతుంది. అన్నయ్య, అంటే ఆవిడ కొడుకు, మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే చొక్కాలు మార్పించి మార్పించి ఇంటర్వ్యూ వేళ దాటించేసింది. ఆ ఉద్యోగం రానందుకు అన్నయ్య ఇప్పటికీ నీలం గీతల చొక్కా కంటపడితే పళ్ళు నూరతాడు.

ఇంటి జబ్బు షాపుకి కూడా పాకింది. ఒకసారి ఒక పెద్దాయనకి అద్దం మార్చి, ధ్యాసంతా గేము మీద ఉండి, "ఇప్పుడు శత్రువు కనిపిస్తున్నాడా అండీ?" అని అడిగింది. ఆయన బయట బెంచీ మీద కూర్చున్న తన బావమరిది వైపు చూసి, "వాడు నాకు అద్దాల్లేకుండానే కనిపిస్తాడమ్మా" అన్నాడు.

నవ్వండి, ఫరవాలేదు. కానీ ఆవిడకి పిచ్చి అన్నవాళ్ళతో నేను పోట్లాడతాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా బిల్డింగు పోటీ గురించి చెప్పాలి.

మా బిల్డింగులో కింద, పార్కింగు పక్కన, ఒక హాలుంది. అందులో గోడంత టీవీ, అందరూ కలిసి కొనుక్కున్న గేము. సాధనకని అదే గేము మా ఇంట్లోనూ ఒకటి ఉంది. చీకటి కోటలోకి దూరి, మూలమూలలా దాక్కున్న ముసుగు సైనికుల్ని కొట్టుకుంటూ పోయి, బురుజు మీది జెండా దించాలి. అంతస్తుకొక జట్టు, జట్టుకి ఇద్దరు. జట్ల వంతులు ఒకదాని తరవాత ఒకటి. తక్కువ ప్రాణాలు పోగొట్టుకుని జెండా దించినవాళ్ళదే గెలుపు. మా రెండో అంతస్తు జట్టు పెదనాన్న, అన్నయ్య.

పెదనాన్న రిటైరయ్యేదాకా ఓడరేవులో క్రేను నడిపాడు. "అంత ఎత్తునుంచి, కిందున్నవాడి చొక్కా గుండీ ఊడిందో లేదో చెప్పేవాణ్ణి" అంటాడు. అబద్ధం కాదు, ఆయనతో పనిచేసినవాళ్ళు కూడా అదే చెబుతారు. రిటైరయ్యాక ఇంట్లో ఆయన చేతికి తగిన పని లేక గడియారానికి కీ ఇస్తూ, కుళాయి బిగిస్తూ తిరిగేవాడు. ఈ గేము వచ్చాక మనిషి నిటారుగా నడవడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల ఆయన్ని మించి గురి చూసేవాడు లేడు. పిల్లలు మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకుని దారిచ్చేవాళ్ళు.

అలాంటి మనిషి గురి తప్పడం మొదలైంది. పక్కనే నిలబడ్డ సైనికుణ్ణి వదిలేసి స్తంభాన్ని కొట్టేవాడు. ఒకసారి అన్నయ్యనే కొట్టాడు. ఆటలోలెండి. అడిగితే బటన్లు అరిగిపోయాయనేవాడు, కుర్చీ కుంటుతోందనేవాడు. "ఏవండీ, ఒకసారి కళ్ళు చూపించుకోకూడదూ" అని పెద్దమ్మ ఒకే ఒక్కసారి అంది. "నా కళ్ళకేమైందే? నీ షాపుకి బేరాల్లేక నా మీద పడ్డావా?" అని కంచం ముందునుంచి లేచిపోయాడు. తరవాత చాలా రోజులు ఆవిడకి చెప్పాల్సినవన్నీ నాకు చెప్పాడు. "ఉప్పు ఇటివ్వమని మీ పెద్దమ్మకి చెప్పవే" అనేవాడు, ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నా.

సరిగ్గా అప్పుడే ఆవిడకి సెట్టింగుల పూనకం పట్టుకుంది. ఆయన గురి తప్పిన ప్రతిసారీ, "అయ్యో, తప్పు నాదే, నీడలు ఎక్కువ పెట్టేశాను" అని మధ్యలో దూరేది. అంతే, అన్నయ్య కోపమంతా ఆవిడ మీదికి మళ్ళేది.

"అమ్మా, నువ్వు దాన్ని ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతాను."

"దణ్ణం తరవాత పెడుదువుగాని. ఇదా, ఇందాకటిదా?"

"రెండూ ఒకేలా ఉన్నాయి."

"నీకు ఒకేలా ఉన్నాయి. నిన్నెవరు అడిగారు?"

"నువ్వే కదా అడిగావు."

ఒకరోజు అన్నయ్య ఫోను తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "ఇవి ఈ గేములో ఛాంపియన్ వాడే సెట్టింగులు. వీటిని మించినవి లేవు. ఇవి పెట్టేసి ఇంక పక్కకి జరుగు."

పెద్దమ్మ ఫోటోలో ఉన్న కుర్రాణ్ణి ఎగాదిగా చూసింది. "ఈ అబ్బాయి వచ్చి మన జట్టులో ఆడతాడా?"

"ఎందుకు ఆడతాడు?"

"మరి వాడి అద్దాలు మనకెందుకురా? రేపట్నుంచి షాపుకొచ్చిన వాళ్ళందరికీ ఈ అబ్బాయి పవరే రాసిచ్చేస్తాను. ఛాంపియన్‌గారి పవరండీ, పెట్టుకుని వెళ్ళి గోడకి గుద్దుకోండి అంటాను."

"పోనీ కంపెనీవాళ్ళు పెట్టిచ్చినవి ఉంచు."

"కంపెనీవాళ్ళు ఎవర్ని చూసి పెట్టారు? ఏ కంటికి ఎంత వెలుగు కావాలో మన ముక్కూ మొహం చూడనివాడు తేల్చేసి పంపిస్తే నేను తలూపాలా? ఊపను."

ఆ 'ఊపను' అన్న తీరు చూసి తీరాలి. అయిదడుగులు కూడా లేని మనిషి, చేతిలో తుడుపుగుడ్డ, ఎదురుగా ఆరడుగుల కొడుకు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇక గరిటెల ఆదివారం. ఆ పొద్దున పెద్దమ్మ అందరికీ తలో గరిటె ఇచ్చి, "ఎడమ కన్ను మూసుకుని ఆడండి" అంది. షాపులో ఒక కన్ను మూయడానికి గరిటెలాంటి నల్లటి చెంచా ఉంటుంది. ఇంట్లో అది లేక వంటింటి గరిటెలు.

"ఎందుకే ఈ వేషాలు?" అన్నాడు పెదనాన్న.

"ఒంటికన్నుకి నప్పిన సెట్టింగు రెండు కళ్ళకి ఇంకా బాగా నప్పుతుంది."

"ఎవరన్నారు?"

"నేనంటున్నాను."

అందరం గరిటెలు కళ్ళకి అడ్డం పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. ఆవిడ వెలుగు మార్చడం, వరసగా అందర్నీ అడగడం. నాకు రెండూ ఒకటే. అన్నయ్యకి రెండూ దండగే. పెదనాన్న మాత్రం "ఇందాకటిదే నయం" అని విసుక్కునేవాడు. తరవాత కుడి కన్ను. ఆ సమయానికి పార్సిలిచ్చే అతను తలుపు తోశాడు. గరిటెలతో తన వైపు తిరిగిన ముఖాలు చూసి, సంతకం కూడా అడక్కుండా పార్సిలు గుమ్మంలో పెట్టి మెట్లు దిగిపోయాడు. ఆ వారమంతా బిల్డింగులో మా ఇంటికి గరిటెలవాళ్ళని పేరు.

పోటీ దగ్గర పడింది. అన్నయ్య నన్ను పక్కకి పిలిచి తేల్చేశాడు. "ఈసారి ఆఖరి ఆటలో నాన్న వల్ల ఓడిపోతే, వచ్చేసారి నాన్న బదులు నువ్వు కూర్చోవాలి. మొహమాటపడితే కుదరదు."

"పెదనాన్నకి ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాను."

ఆ మాట వంటింట్లో ఉన్న పెద్దమ్మ చెవిన పడింది. గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టింది.

ఆఖరి ఆట మాకూ మూడో అంతస్తుకీ. వాళ్ళ జట్టుకి పెద్ద, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నోరున్న మనిషి. వాళ్ళు ముందు ఆడి, రెండే ప్రాణాలు పోగొట్టుకుని జెండా దించారు. మా వంతు రాగానే పెద్దమ్మ వెళ్ళి సెట్టింగులు తెరిచింది. హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. సైనికుల చుట్టూ మందపాటి పసుపు గీతలు వచ్చాయి. కోట గోడలు బూడిదరంగుకి తిరిగాయి. అక్షరాలు దుకాణం బోర్డు మీదివాటంత పెరిగాయి.

"అక్కా, ఇది మోసం," అన్నాడు మెకానిక్కు. "దాక్కున్నవాడు కూడా దీపం పట్టుకున్నట్టు కనిపిస్తున్నాడు."

"ఆ గీతలు నేను పెన్నుతో గీశానా తమ్ముడూ? ఆటలోనే ఉన్నాయి. నువ్వూ పెట్టుకోవాల్సింది."

"అందరికీ ఒకటే సెట్టింగు ఉండాలి కదా."

"పేపరు చదివేటప్పుడు నువ్వు జేబులోంచి చత్వారం అద్దాలు తీస్తావు. చదవడంలో మోసం చేశావని నిన్నెవరైనా అన్నారా?"

హాలు గొల్లుమంది. మెకానిక్కు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "అది కాదక్కా, పద్ధతంటూ ఒకటి ఉండాలి."

"ఆ పద్ధతి గోడ మీద రాసి ఉంటే చూపించు, తీసేస్తాను. లేకపోతే కూర్చో. ఇది నా పిచ్చి, నా జట్టు. నష్టం వస్తే నేనే భరిస్తాను."

అతను కూర్చున్నాడు. పెద్దమ్మ అక్కడితో ఆగలేదు. వెలుగు తగ్గించడం మొదలుపెట్టింది. ఒక్కో గీతా దించుతూ, "ఇదా, ఇందాకటిదా?" అంటూనే ఉంది. కోట మునిమాపు రంగులోకి, తరవాత మసిగుడ్డ రంగులోకి దిగిపోయింది. నాకు దారేదో గోడేదో తెలియలేదు.

"పెద్దమ్మా, ఏమీ కనిపించట్లేదు," అన్నాను చెవిలో.

"నీకు కనిపించక్కర్లేదులేవే."

అప్పుడు చూశాను. ఆవిడ తెర వైపు చూడటం లేదు. పెదనాన్న ముఖం వైపు చూస్తోంది. చిట్లించుకుని ఉన్న ఆయన కళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. "ఇది బాగుందే. ఉంచు," అన్నాడు.

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. "వెలుగు పెంచితే ఆయనకి అంతా సున్నం కొట్టినట్టయిపోతోంది," అంది మెల్లగా. "శుక్లమే అయ్యుంటుంది, రెండు కళ్ళలోనూ. గరిటెల రోజే అనుమానం వచ్చింది. చెబితే మళ్ళీ లేచిపోతాడు."

"మరి మా అందర్నీ ఎందుకు అడిగావు?"

"ఆయన్ని ఒక్కణ్ణే అడిగితే పరీక్ష చేస్తున్నానని తెలిసిపోదూ?"

ఇన్నాళ్ళూ ఆవిడ అందర్నీ అడిగింది, ఒక్కడి జవాబే వింది. ఆయన గురి తప్పితే అది ఆయన కన్ను కాదు, పెళ్ళాం పిచ్చి అని బిల్డింగంతా అనుకునేలా చూసుకుంది. అనుకున్నాం కూడా, శుభ్రంగా నవ్వుకుంటూ.

ఆట మొదలైంది. పెదనాన్న ఆడాడు చూడండి, నేను అలాంటి ఆట మళ్ళీ చూడలేదు. మూలనున్నవాణ్ణి, మేడ మీదున్నవాణ్ణి, తలుపు వెనకనుంచి ముక్కు మాత్రం బయటపెట్టినవాణ్ణి, ఎవర్నీ వదల్లేదు. మూడో అంతస్తు పిల్లలు కూడా జట్టు మర్చిపోయి ఈలలు వేశారు. కష్టమంతా అన్నయ్యకి. ఆ చీకట్లో తడుముకుంటూ వెళ్ళి కందకంలో పడ్డాడు. లేచి, మళ్ళీ పడ్డాడు. బురుజు కింద మూడోసారి కూడా పడ్డాడు. జెండా పెదనాన్నే దించాడు కానీ, ఒక్క ప్రాణం తేడాతో మేం ఓడిపోయాం.

"ఏంట్రా, అంత పెద్ద కందకం కనిపించలేదా?" అన్నాడు పెదనాన్న.

"ఎలా కనిపిస్తుంది నాన్నా? చిమ్మచీకటి."

"చీకటేంటి? పట్టపగల్లా ఉంటే."

ఆయన మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. మెకానిక్కు కూడా తల దించుకుని అద్దాల పెట్టె మూత తీస్తూ వేస్తూ కూర్చున్నాడు.

పైకి వెళ్ళేటప్పుడు పెదనాన్న మెట్ల మీద పెద్దమ్మ కోసం ఆగాడు. నేను వెనకే ఉన్నాను.

"అంత చీకటి పెట్టావుటే నువ్వు?"

"పెట్టాను."

"వాళ్ళెవరికీ కనిపించలేదా?"

"లేదు."

ఆయన రెయిలింగు పట్టుకుని ఒక మెట్టు ఎక్కాడు. "ఆసుపత్రికి ఎప్పుడు వెళ్దాం?" అన్నాడు.

"మీకెప్పుడు వీలైతే అప్పుడు," అంది, అది మామూలు విషయమైనట్టు.

ఆపరేషను బాగా జరిగింది. మనిషి నల్లద్దాలు పెట్టుకుని మా ఇంటి హాల్లో రాజాలా కూర్చున్నాడు. ఈసారి జట్టులోంచి తీసెయ్యాల్సింది అన్నయ్యనేనని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. మెకానిక్కు పలకరించడానికి వచ్చి, "ఏం బావగారూ, చూపు తగ్గిందని మాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాడు.

"చూపు తగ్గడమేంటయ్యా? నా కళ్ళు నిక్షేపంగా ఉండేవి. ఈవిడ సెట్టింగుల పిచ్చి భరించలేక ఆపరేషను చేయించుకున్నాను."

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. పెద్దమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"అవును తమ్ముడూ, అంతా నా పిచ్చే," అంది. మందు సీసా మూత తీసి, "ఏవండీ, తల వెనక్కి పెట్టండి," అంది. పెదనాన్న నల్లద్దాలు తీసి, కిక్కురుమనకుండా తల వెనక్కి వాల్చాడు.