నీళ్ళ ట్రాక్టర్, మూడు నాజిళ్ళు

ఎండాకాలంలో నేను ట్రాక్టర్‌కు ట్యాంకర్ తగిలించి ఒక పల్లెకు నీళ్ళు తోలుతుంటాను. యర్రగొండపాలెం దాటి అడవి వైపు పోతే వచ్చే నలభై గడపల పల్లె అది. ఎండలు ముదరకముందే అక్కడి చేతిపంపు ఎండిపోతుంది. నా ట్యాంకర్ పోతేనే ఆ ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట.

పోయిన వేసవిలో ట్రాక్టర్ మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున సెల్ఫ్ కొడితే ఒక పట్టాన అందుకోదు. అందుకున్నాక తెల్లటి పొగ, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. కాసేపటికి అదే సర్దుకుంటోంది కదా అని నేనూ సర్దుకుపోయాను. డీజిల్ ఎక్కువ తాగుతోందని తెలుసు. మిట్ట ఎక్కేటప్పుడు నల్లపొగ కక్కుతోందనీ తెలుసు. తెలిసీ తోలాను. నా బుద్ధి అట్లాంటిది.

ఒక రోజు పొద్దున నిండు ట్యాంకర్‌తో పల్లె ముందరి మిట్ట సగం ఎక్కి ఆగిపోయింది. ఆడవాళ్ళు బిందెలతో మిట్ట దిగివచ్చి అక్కడే నీళ్ళు పట్టుకున్నారు. ఖాళీ ట్యాంకర్‌ను ఎట్లాగో ఈడ్చుకొచ్చి మా ఊరి మెకానిక్‌కు చూపించాను.

"ఇంజన్ దించాల్సిందే అన్నా. పిస్టన్లు పోయినట్టుండాయి. పది దినాలు పడతాది" అన్నాడతను.

పది దినాలంటే మాటలా? ఆ పూట పట్టుకున్న నీళ్ళు పల్లెకు మరుసటి రోజు దాకా వస్తాయి, అంతే. తక్కిన ట్యాంకర్ల వాళ్ళను బతిమాలాను. అందరూ వేరే ఊళ్ళకు ఒప్పుకున్నవాళ్ళే. ఇంతలో పల్లెలో మొదటి ఇంటి అవ్వ ఎవరి చేతో ఫోన్ కలిపించింది. బంకు దూరం కాబట్టి పొద్దున డీజిల్ క్యాను తీసుకుపోయి ఆమె వసారాలోనే పెడతాను. మధ్యాహ్నం ట్రాక్టర్ ట్యాంకులో పోసుకుని, ఖాళీ క్యాను సాయంత్రం తెచ్చుకుంటాను.

"రేపు వస్తావు గదా నాయనా?" అంది అవ్వ.

"వస్తా అవ్వా" అన్నాను. ఎట్లా వస్తానో నాకే తెలియదు.

మార్కాపురంలో నాజిళ్ళ పని చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. నాజిల్ అంటే ఇంజన్‌లోకి డీజిల్‌ను చిమ్మే మూతి. నా ట్రాక్టర్‌కు మూడుంటాయి. ఆఖరి ఆశగా ఆయనకు ఫోన్ చేసి మొత్తుకున్నాను.

"ఇంజన్ తర్వాత దించుదువులే. ముందు స్టార్ట్ చేసి ఫోను దగ్గర పెట్టు" అన్నాడు. "ఇప్పుడు ఒక్కో నాజిల్‌కు పోయే పైపు నట్టు రవ్వంత వదులు చెయ్. చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ చిమ్ము చర్మంలోకి దూరుతాది."

మొదటి నట్టు వదులు చేస్తే ఇంజన్ కుంటింది. బిగించి రెండోది వదిలాను, మళ్ళీ కుంటింది. మూడోది వదిలితే చప్పుడులో ఏ మార్పూ లేదు.

"విన్నావా? అది పనే చేస్తా లేదు. అందుకే తీసినా పెట్టినా ఒకటే. మూడూ విప్పి గుడ్డలో చుట్టుకొని బస్సెక్కు. పైపుల మూతులకు కవర్లు కట్టు, దుమ్ము పోనీయాకు."

తెల్లారి మొదటి బస్సుకే పోయాను. భాయ్ ఒక్కో నాజిల్‌ను, నాజిళ్ళు పరీక్షించే చిన్న చేతిపంపుకు బిగించి కొట్టాడు. రెండు కొంచెం తడబడినా పొగమంచులా చిమ్మాయి. మూడోది పసివాడు ఉచ్చ పోసినట్టు ఒకటే ధార, ఆపైన చుక్కలు. విప్పితే లోపలి సూదికి ఎర్రటి తుప్పు.

"ఇంజన్ బాగానే ఉంటాది. నీళ్ళు తాగి నాజిల్ పట్టేసింది. ఇట్లనే ఇంకొన్నాళ్ళు తోలింటే ఆ ధారకు పిస్టన్ కాలిపోయేది."

ప్రాణం లేచొచ్చింది. దుకాణంలోని స్టూలు మీదే కూర్చుని వరసగా రెండు టీలు తాగాను. ప్రాణం కుదుటపడగానే కోపం వచ్చింది, నాకది ముక్కు మీదే ఉంటుంది. డీజిల్‌లో నీళ్ళు కలిపారని బంకు వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను.

"బంకులో నీళ్ళయితే మీ ఊరి బండ్లన్నీ నా దుకాణం ముందరే ఉండేవి" అన్నాడు భాయ్ తాపీగా. "ఫిల్టర్ కింద గాజు గిన్నె ఎప్పుడు విప్పినావు?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"నీళ్ళు డీజిల్ కన్నా బరువు, అడుగున చేరతాయి. వారానికోసారి విప్పి పారబొయ్. ఫిల్టర్లు టయానికి మార్చు. సాయంత్రం ట్యాంకు నింపి పెట్టు, ఖాళీగా ఉంటే లోపల చెమ్మ పడతాది."

పాడైన చోట కొత్త నాజిల్ వేసి, తక్కిన రెంటినీ శుభ్రం చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి గాజు గిన్నె విప్పితే సగం నీళ్ళే. డీజిల్ ట్యాంకు అడుగు దాకా ఖాళీ చేసి కొత్త డీజిల్ పోసి, ఫిల్టర్ మార్చి, అన్నీ బిగించి పైపుల్లో గాలి తీసి సెల్ఫ్ కొట్టాను. ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు, సుత్తి దెబ్బలు లేవు. పొద్దు వాలకముందే నిండు ట్యాంకర్‌తో మిట్ట ఎక్కాను. బిందెలు వరసలో ఉన్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

నీళ్ళు పట్టుకోవడం అయ్యాక, బండి ఆగిపోవడానికి ముందు రోజు సాయంత్రం నేను మరిచిపోయిన ఖాళీ క్యాను అవ్వ తెచ్చిచ్చింది. మూత బిగించి ఉంది. అందుకుంటే లోపల నీళ్ళు కదిలాయి.

"ఇదేంది అవ్వా?"

"రోజూ కడిగే పెడతా గదా నాయనా. మా ఇంటి నుంచి పోయే క్యాను కంపు కొడతా పోతే ఎట్ల? బల్లులు పడకుండా మూత కూడా బిగిస్తా."

"రోజూనా? నీళ్ళెక్కడివి?"

"నువ్వు తెచ్చినవే. నా తాగే బిందెలోంచి నీ క్యాను కోసరం చెంబెడు తీసి పెడతా."

ముక్కు మీది కోపం అక్కడే ఆగిపోయింది. మొహం కడుక్కోవడానికి కూడా నీళ్ళు చూసుకునే పల్లెలో, ఆమె తన గొంతు తడిలోంచి రోజూ నా క్యానుకు వాటా పెట్టింది. లోపల చూడకుండా దానిలోనే డీజిల్ పట్టించుకున్నది నేను. గాజు గిన్నె విప్పనిదీ నేనే. తన చెంబెడు నీళ్ళే పల్లెకు నీళ్ళు ఆపబోయాయని తెలిస్తే ఆమెకు అన్నం సహించదు.

"అవ్వా, రేపటి నుంచి క్యాను కడగాకు" అన్నాను. "ఆ చెంబెడు నీళ్ళు నాకు తాగను ఇయ్యి."

"దానికేం భాగ్యం నాయనా" అంటూ లోపలికి పోయింది. ఆమె తిరిగొచ్చేలోపు క్యానులోని నీళ్ళు దడి పక్కన వంపేశాను. చెంబు అంచు దాకా నింపి తెచ్చింది. ఒక్క చుక్క కింద పడకుండా తాగాను.